కాగితపు పటాల డిజిటలీకరణ: వ్యయాన్ని అంచనా వేయడం

పరిచయం

రాస్టర్ దత్తాంశం అంటే ఏమిటో, వెక్టర్ దత్తాంశం అంటే ఏమిటో వెనుకటి పాఠంలో తెలుసుకొన్నారు. కాగితం మీద ఉన్న పటాన్ని కంప్యూటర్‌లోకి తీసుకురావడానికి ఎంత ఖర్చవుతుందో ముందుగా లెక్క కట్టడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. పాఠం పూర్తయ్యేసరికి ఒక గ్రామానికి సంబంధించిన పటాలను మీ ముందు ఉంచితే, ఎన్ని పని గంటలు పడతాయో, ఆ గంటలు ఏయే దశల్లో ఖర్చవుతాయో మీరే రాసి చూపగలగాలి.

ఈ విషయంలో విద్యార్థులే కాదు, కార్యాలయాలు కూడా సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న “ఒక్కో షీటుకు ఎంత?” అనేది. దానికి సరైన సమాధానం లేదు. స్కానింగ్‌కు షీటు ధర చెప్పవచ్చు. డిజిటలీకరణకు చెప్పలేం. ఖర్చును నిర్ణయించేవి షీటులోని గీతల సంఖ్య, అంకెల సంఖ్య, మీరు కోరే ఖచ్చితత్వం. ఒకే సైజు కాగితాలు రెండు పక్కపక్కన పెట్టినప్పుడు ఒకదాని పని మరొకదాని పనికి పది రెట్లు ఉండవచ్చు.

ఉదాహరణకు ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు రెవెన్యూ డివిజన్‌లోని రెడ్డిగూడెం మండలాన్ని తీసుకొందాం. మామిడి తోటలు, మెట్ట పొలాలు, చెరువుల కింద మాగాణి కలిసి ఉన్న ప్రాంతం ఇది. ఈ మండలంలోని ఒక గ్రామ పటాలను డిజిటల్ రూపంలోకి మార్చడానికి అంచనా తయారుచేసే పని మీకు అప్పగించారనుకోండి. ఎక్కడ మొదలుపెడతారు?

ఏ పటం? ఎంత స్కేలు?

మీ చేతికి మూడు రకాల పటాలు రావచ్చు. మొదటిది భారత సర్వేక్షణ సంస్థ ప్రచురించే స్థలాకృతి పటం, అంటే టోపోషీటు. దీని స్కేలు 1:50,000. రెడ్డిగూడెం ప్రాంతం 65 డి/9 సంఖ్య గల షీటులో ఉంటుంది. అక్షాంశంలో 15 నిమిషాలు, రేఖాంశంలో 15 నిమిషాలు, అంటే సుమారు 27 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ప్రదేశం ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది. రెండవది రెవెన్యూ గ్రామపటం. పూర్వపు మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కృష్ణా జిల్లా వంటి చోట్ల పాత గ్రామపటాలను మైలుకు 16 అంగుళాల లెక్కన గీశారు. మైలుకు 63,360 అంగుళాలు కాబట్టి స్కేలు 1:3,960 అవుతుంది. మూడవది క్షేత్ర కొలతల పుస్తకం. గ్రామంలో అందరూ ‘ఎఫ్.ఎం.బి.’ అనేది దీన్నే. ఇందులో ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో నక్షా ఉంటుంది.

స్కేలు ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. గీత మందం, మౌస్ పట్టుకొన్న చేతి తడబాటు కలిపి కాగితం మీద అర మిల్లీమీటరు తేడా వచ్చిందనుకొందాం. టోపోషీటులో అది నేల మీద 25 మీటర్లు. రోడ్డు ఎటు పోతోందో, వాగు ఎక్కడ మలుపు తిరిగిందో చూపడానికి ఆ తేడా పెద్దగా అడ్డురాదు. గ్రామపటంలో అదే అర మిల్లీమీటరు సుమారు 2 మీటర్లు. 1:1,000 స్కేలులో గీసిన ఎఫ్.ఎం.బి. నక్షాలో అర మీటరు.

ఇప్పుడు 100 మీటర్ల పొడవున్న ఒక పొలం గట్టును తీసుకోండి. గ్రామపటం నుంచి గీసేటప్పుడు అది పొడవునా 2 మీటర్లు పక్కకు జరిగితే 200 చదరపు మీటర్ల నేల ఒక రైతు ఖాతా నుంచి మరో రైతు ఖాతాలోకి పోయినట్లు కనిపిస్తుంది. ఒక సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు. అంటే దాదాపు 5 సెంట్లు. మీ ఊరిలో 5 సెంట్ల విలువ ఎంతో మీకు తెలుసు. ఆ విలువ పక్కన డిజిటలీకరణ ఖర్చును పెట్టి చూడడమే ఈ పాఠంలోని అసలు పని.

స్కానింగ్: అందరికీ కనిపించే ఖర్చు

స్కానింగ్ గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. అంగుళానికి 400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఒక్కో చుక్క కాగితం మీద 0.0635 మిల్లీమీటరు ఉంటుంది. 1:3,960 గ్రామపటంలో అది నేల మీద పావు మీటరు. చేతి తడబాటుతో పోలిస్తే ఇది చాలా చిన్నది కాబట్టి 400 సరిపోతుంది. 800కు పెంచితే ఫైలు పరిమాణం నాలుగు రెట్లవుతుంది కాని పటంలో లేని వివరం కొత్తగా పుట్టదు. 70 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల రంగుల షీటు 400 చుక్కల వద్ద సుమారు 312 మెగాబైట్లు తీసుకొంటుంది.

పెద్ద స్కానర్ కొనాలా, బయట చేయించాలా అన్న ప్రశ్న మాత్రం ప్రతి అంచనాలోనూ వస్తుంది. దీనికి అర్థశాస్త్రంలో మీరు చదివిన స్థిర వ్యయం, చర వ్యయం సూత్రమే వర్తిస్తుంది. స్కానర్ ధర 4,00,000 రూపాయలు, బయట షీటుకు 250 రూపాయలు, సొంతంగా చేస్తే షీటుకు 50 రూపాయలు అనుకొందాం. ఇవి లెక్క కోసం తీసుకొన్న అంకెలే. 4,00,000ను 200తో భాగిస్తే 2,000 షీట్లు. గ్రామానికి 4 షీట్ల చొప్పున 500 గ్రామాల పని ఉంటే తప్ప స్కానర్ కొనడం గిట్టుబాటు కాదు. ఒక మండలానికి అయితే బయట చేయించడమే నయం. అయితే పాత రికార్డు కార్యాలయం గడప దాటడానికి అధికారులు ఒప్పుకొంటారా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. ఒప్పుకోకపోతే స్కానర్‌నే కార్యాలయానికి తెప్పించాలి. ఆ రవాణా, అద్దె కూడా అంచనాలోకి వస్తాయి.

స్కాన్ చేయడానికి ముందు కాగితం స్థితి చూడండి. మడతల దగ్గర చిరిగినవి, వెనుక గుడ్డ అతికించినవి, చెదలు తిన్నవి వేరుచేసి లెక్కపెట్టుకోవాలి. అన్ని గ్రామాల కాగితాల వయసూ ఒకటి కాదు. రైత్వారీ గ్రామాల్లో సర్వే ఎప్పుడో జరిగింది. జమీందారీ ఎస్టేట్లలో చాలాచోట్ల 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే వివరమైన సర్వే జరిగింది. నూజివీడు జమీందారీ ఈ ప్రాంతానికి దగ్గరిదే కాబట్టి పక్కపక్క గ్రామాల్లో కూడా ఈ తేడా ఎదురుకావచ్చు.

నేలతో జతపరచడం: అంచనాలో మరచిపోయే ఖర్చు

స్కాన్ చేసిన పటం ఒక బొమ్మ మాత్రమే. అందులోని ఏ చుక్క భూమి మీద ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పాలి. దీన్ని జియోరెఫరెన్సింగ్ అంటారు.

టోపోషీటులో ఇది తేలిక. అంచుల్లో అక్షాంశ రేఖాంశాలు అచ్చై ఉంటాయి. అలవాటున్న వ్యక్తి అర గంటలో ముగిస్తాడు. ఒక్క జాగ్రత్త చాలు. పాత షీట్లు ఎవరెస్ట్ దీర్ఘగోళం ఆధారంగా తయారైనవి. ఇప్పటి జి.పి.ఎస్. పరికరాలు డబ్ల్యు.జి.ఎస్. 84ను వాడతాయి. మార్పిడి చేయకుండా ఒకదానిపై మరొకటి వేస్తే గీతలు కలవవు.

గ్రామపటం సంగతి వేరు. దానిమీద అక్షాంశ రేఖాంశాలు ఉండవు. ఉన్నవల్లా సర్వే రాళ్ల గుర్తులు, మూడు గ్రామాల సరిహద్దులు కలిసే చోట్లు. కాబట్టి ఎవరో ఒకరు పొలాల్లోకి వెళ్లి, ఆ రాళ్లను వెతికి పట్టుకొని, ఖచ్చితమైన జి.పి.ఎస్. పరికరంతో స్థానం నమోదు చేయాలి. రాయి కనిపించకపోవచ్చు. దున్నినప్పుడు కదిలి ఉండవచ్చు. మామిడి తోటలో గుబురు కింద పరికరానికి ఉపగ్రహాల సంకేతం సరిగా అందకపోవచ్చు. వరి కోతకు ముందు చేలోకి దిగనీయరు. ఇవన్నీ గంటలే. కార్యాలయంలో కూర్చొని అంచనా రాసేవారికి మొదట తోచనివి ఇవే.

గణితపరంగా మూడు నియంత్రణ బిందువులుంటే పటాన్ని నేలకు అమర్చవచ్చు. అయితే మూడే ఉంటే దోషం ఎంతో తెలియదు. పటం ఎప్పుడూ సరిగ్గా కూర్చున్నట్లే కనిపిస్తుంది. కాగితం పాతబడేకొద్దీ సాగడమో కుదించుకుపోవడమో జరుగుతుంది. అది కూడా పొడవులో ఒక రకంగా, వెడల్పులో ఒక రకంగా జరుగుతుంది. ఒక శాతం కుదించుకుపోతే కిలోమీటరుకు 10 మీటర్ల తేడా. అందుకే షీటుకు కనీసం ఐదు బిందువులు వేసుకొని లెక్క కట్టడం మంచిది.

గీయడమా, అంకెలు ఎక్కించడమా?

గ్రామపటాన్ని తెర మీద పెట్టి గీతల వెంట మౌస్‌తో గీయడం అందరికీ తెలిసిన పద్ధతి. దీనికి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని లేదు. క్యూ.జి.ఐ.ఎస్. ఉచితంగా దొరుకుతుంది. నేర్పించే ఖర్చు మాత్రం ఉంటుంది.

ఎఫ్.ఎం.బి.ల విషయంలో ఈ పద్ధతి అనవసరం, ఒక రకంగా తప్పు కూడా. ఎందుకంటే ఎఫ్.ఎం.బి.కి బలం బొమ్మలో లేదు, అందులోని అంకెల్లో ఉంది. సర్వేయరు ఒక రాయి నుంచి మరో రాయికి ఆధార రేఖ వేసి, దాని వెంట గొలుసు లాగి, గట్టు వంపు తిరిగిన ప్రతిచోటా పక్కకు ఎంత దూరమో కొలిచి రాశాడు. ఆ పక్క కొలతలే ఆఫ్‌సెట్లు. కాగితం ముడుచుకుపోయినా, గీత వెలిసిపోయినా 47 అని రాసిన అంకె 47గానే ఉంటుంది. ఆ అంకెలను టైపు చేస్తే సాఫ్ట్‌వేరే పొలం ఆకారాన్ని గీస్తుంది. జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రం రూపొందించిన కొలాబ్‌ల్యాండ్ సాఫ్ట్‌వేర్‌ను తమిళనాడులో ఇందుకే వాడారు. తిరువూరు దాటి తెలంగాణలోకి వెళితే ఎఫ్.ఎం.బి. చేసే పనిని అక్కడ టిప్పన్ చేస్తుంది.

ఒక చిక్కు గమనించండి. పాత నక్షాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, తరువాతివి మీటర్లలో. గొలుసుకు 66 అడుగులు, 100 లింకులు. ఒక లింకు 20.1 సెంటీమీటర్లు. ఎకరానికి సరిగ్గా లక్ష చదరపు లింకులు. 250 లింకులు, 400 లింకులు గల చేను ఒక ఎకరం. అవే అంకెలను మీటర్లనుకొని ఎక్కిస్తే 10 హెక్టార్లు వస్తుంది. ఇంత పెద్ద తప్పు విస్తీర్ణాన్ని రిజిస్టరుతో పోల్చగానే బయటపడుతుంది. 36కు బదులు 63 అని కొట్టిన చిన్న ఆఫ్‌సెట్ తప్పు మాత్రం అలా దొరకదు. కాబట్టి అంకెల నమోదును ఇద్దరు వేర్వేరుగా చేసి పోల్చుకోవడమో, మరొకరు అంకె అంకె చూసి సరిచూడడమో అవసరం. సరిచూడడానికి సమయం కేటాయించని అంచనాను అంచనాగా పరిగణించనక్కరలేదని నా అభిప్రాయం.

ఒక గ్రామం లెక్క

రెడ్డిగూడెం మండలంలో 1,500 హెక్టార్ల గ్రామం ఒకటి ఉందని, దానికి 4 గ్రామపటం షీట్లు, 600 సర్వే నంబర్లు, వాటిలో 1,400 సబ్‌డివిజన్లు ఉన్నాయని అనుకొందాం. ఇది ఊహించిన గ్రామం. ఇక్కడి సమయాలు, రేట్లు పద్ధతి తెలియడం కోసం ఇచ్చినవే. ముందు గంటల్లో లెక్క కట్టి, రూపాయల్లోకి చివర మారుద్దాం. రూపాయల రేట్లు ఏటా మారతాయి, గంటలు అంతగా మారవు.

మొదటి పద్ధతి, గ్రామపటం నుంచి గీయడం:

కాగితం సరిచేసి స్కాన్ చేయడం, 4 షీట్లు, షీటుకు 1 గంట: 4
క్షేత్రంలో నియంత్రణ బిందువులు, 20 బిందువులు, ఇద్దరు మనుషులు, బిందువుకు గంటన్నర: 60
కార్యాలయంలో జియోరెఫరెన్సింగ్, షీటుకు గంటన్నర: 6
గీతలు గీయడం, 600 నంబర్లు, ఒక్కోదానికి 4 నిమిషాలు: 40
షీట్ల అంచులు కలపడం, తెరిచి ఉన్న గీతలు మూయడం: 12
సర్వే నంబర్లు నమోదు చేయడం, ఒక్కోదానికి 1 నిమిషం: 10
ముద్రించి అసలు పటంపై పెట్టి సరిచూడడం, షీటుకు 4 గంటలు: 16
మొత్తం: 148 గంటలు

డిజిటలీకరణ అంటే గీతలు గీయడమే అనుకొన్నవారు 40 గంటలకు అంచనా వేస్తారు. అసలు పని దానికి దాదాపు 3.7 రెట్లు.

రెండవ పద్ధతిలో ఎఫ్.ఎం.బి. అంకెలు ఎక్కిస్తాం. 600 నక్షాలను బయటికి తీసి స్కాన్ చేయడానికి 3 నిమిషాల చొప్పున 30 గంటలు, అంకెల నమోదుకు 25 నిమిషాల చొప్పున 250 గంటలు, విస్తీర్ణాన్ని రిజిస్టరుతో పోల్చడానికి 5 నిమిషాల చొప్పున 50 గంటలు. నూటికి 15 నక్షాల్లో విస్తీర్ణం కలవలేదనుకొంటే 90 నక్షాలకు 40 నిమిషాల చొప్పున మరో 60 గంటలు. అన్ని నక్షాలనూ ఒకదాని పక్కన ఒకటి చేర్చి గ్రామంగా కూర్చడానికి 40 గంటలు. క్షేత్రంలో నియంత్రణ బిందువులకు ఇంతకు ముందున్న 60 గంటలే. మొత్తం 490 గంటలు.

గంటకు 200 రూపాయలు, అనుకోని ఖర్చులకు 10 శాతం కలిపితే మొదటి పద్ధతికి 32,560 రూపాయలు, రెండవదానికి 1,07,800 రూపాయలు. సర్వే నంబరుకు చూస్తే సుమారు 54, 180 రూపాయలు. కలవని నక్షాలను పరిష్కరించడానికి అనుభవమున్న సర్వేయరు కావాలి కాబట్టి నిజమైన అంచనాలో ఆ 60 గంటలకు వేరే రేటు వేయాలి.

పై అధికారి ఈ రెండు అంకెలు చూసి మొదటిదే చాలంటే మీరేం చెబుతారు? గ్రామపటంలో సర్వే నంబర్లు మాత్రమే ఉంటాయి, సబ్‌డివిజన్లు ఉండవు. పట్టాదారు పాసుపుస్తకంలో భూమి ఉండేది సబ్‌డివిజన్ పేరు మీద. మొదటి పద్ధతితో వచ్చిన పటం చెరువు ఆయకట్టు ఎంతో చూడడానికి, పంటల సర్వేకు, రోడ్డు ప్రణాళికకు బాగా పనికివస్తుంది. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాకు పనికిరాదు. ఒక్కో నంబరుకు అదనంగా అయ్యే 125 రూపాయలు ఆ తగాదా తేల్చగల సామర్థ్యానికి చెల్లించే ధర. పటం ఎందుకు కావాలో మొదట రాయించుకొన్నాకే పద్ధతి ఎంచుకోవాలి.

గుత్తేదారుకు పని ఇస్తే చెల్లింపు షరతు కూడా ఖర్చును మారుస్తుంది. షీటు లెక్కన చెల్లిస్తే గట్టు వంపుల్లో సగం చుక్కలు వదిలేసి తిన్నగా గీయడమే గుత్తేదారుకు లాభం. సరిచూసి అంగీకరించిన సర్వే నంబరుకు ఇంత అని రాసుకోండి.

నమూనా తీసుకోవడం

పై లెక్కలో నక్షాకు 25 నిమిషాలు అన్నది ఎక్కడి నుంచి వస్తుంది? చేసి చూస్తేనే వస్తుంది. 30 నక్షాలను ఎంచుకొని గడియారం పెట్టుకొని పూర్తిచేయండి. పుస్తకంలోని మొదటి 30 వద్దు. విశాలమైన మెట్ట నంబర్లు, చిన్న చిన్న ముక్కలైన మాగాణి నంబర్లు, వాగు ఒడ్డున వంకరలు ఎక్కువగా ఉన్నవి, వాటి వాటి నిష్పత్తిలో తీసుకోవాలి. సగటు 25 నిమిషాలు, క్రమవిచలనం 12 నిమిషాలు వచ్చాయనుకొందాం. 12ను 30 వర్గమూలంతో భాగిస్తే ప్రామాణిక దోషం సుమారు 2.2 నిమిషాలు. దానికి రెట్టింపు 4.4. అంటే అసలు సగటు 20.6, 29.4 నిమిషాల మధ్య ఉండవచ్చు. 600 నక్షాలకు అటూ ఇటూ 44 గంటలు. అంచనాలో 250 అని ఒకే అంకె రాయడం కంటే “206 నుంచి 294 గంటలు” అని రాయడం నిజాయితీ గల పద్ధతి.

కాగితంలో లేనిదాన్ని డిజిటల్ చేయలేం

గ్రామకంఠంలోని ఇళ్ల హద్దులను పాత గ్రామపటంలో వెతకకండి. అక్కడ సాధారణంగా మొత్తం ఊరు ఒకే ముక్కగా ఉంటుంది. ఇళ్ల హద్దుల కోసం 2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం డ్రోన్లతో కొత్తగా కొలిచే దారి పట్టింది. పేర్ల విషయమూ చూసుకోవాలి. 1985లో మండలాలు రాకముందు తయారైన పటంపై తాలూకా పేరుంటుంది. జిల్లా పేరు కృష్ణా అని ఉంటుంది, ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఏ గ్రామానికి ఇప్పటి సంకేతం ఏదో జతపరిచే పట్టిక తయారీకి కూడా కొన్ని గంటలు కేటాయించండి.

అసలు పాత పటాలను మార్చడం కంటే నేలనే మళ్లీ కొలవడం మేలు కాదా అనే ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. కేంద్రం 2008లో జాతీయ భూ రికార్డుల ఆధునికీకరణ కార్యక్రమాన్ని చేపట్టినప్పుడు పటాల డిజిటలీకరణ, రీసర్వే రెండింటికీ అందులో చోటిచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో రీసర్వే పథకాన్ని ప్రారంభించింది. డ్రోన్లు, స్థిర జి.పి.ఎస్. కేంద్రాలు, రోవర్లతో నేలను కొత్తగా కొలవడం దీని పద్ధతి. రీసర్వే జరిగిన గ్రామంలో పాత ఎఫ్.ఎం.బి. విలువ పోతుందనుకోవద్దు. కొత్త కొలతలో విస్తీర్ణం తగ్గిందని రైతు అభ్యంతరం చెప్పినప్పుడు పోల్చి చూడవలసింది పాత అంకెలతోనే. అందువల్ల రీసర్వే గ్రామంలో 600 నక్షాలూ ఎక్కించకుండా, అన్నింటినీ స్కాన్ చేసి భద్రపరచి, అభ్యంతరం వచ్చిన నంబర్లకే అంకెల నమోదు చేయడం ఆలోచించదగినది. అభ్యంతరాలు నూటికి 10 అయితే నమోదు 250 గంటల నుంచి 25 గంటలకు తగ్గుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 150 మీటర్ల గట్టు 1:3,960 గ్రామపటంలో పొడవునా అర మిల్లీమీటరు జరిగింది. ఎన్ని సెంట్లు తేడా కనిపిస్తుంది?

2. పై గ్రామంలో 12 నియంత్రణ బిందువులే దొరికాయి. మొదటి పద్ధతి మొత్తం గంటలు ఎంత? షీటుకు మూడు బిందువులు మాత్రమే ఉండడం వల్ల మీకు తెలియకుండా పోయేదేమిటి?

3. నమూనాలో ప్రామాణిక దోషం సగానికి తగ్గాలంటే ఎన్ని నక్షాలు చేసి చూడాలి? వాటికి పట్టే అదనపు సమయం వృథా అవుతుందా?

4. మీ గ్రామపటం షీట్లు ఎన్నో, సర్వే నంబర్లు ఎన్నో సచివాలయంలో అడిగి తెలుసుకొని, రెండు పద్ధతుల్లోనూ గంటలు లెక్క కట్టండి. మీ ఊరికి ఏది తగునో, ఏ అవసరం కోసమో పది వాక్యాల్లో రాయండి.